ఇంటి పక్క సందును గది చేయకండి

పావగడ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు, పాత ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టేవాళ్లు ఈ మధ్య ఒకే మాట అంటున్నారు. "పక్క సందు ఊరికే పడి ఉంది కదా, దాని మీద కూడా స్లాబు వేసేస్తే ఒక రూము వస్తుంది." ఇంటి గోడకూ ప్రహరీకీ నడుమ నాలుగైదు అడుగుల వెడల్పున, ఇల్లు ఎంత పొడవుంటే అంత పొడవున ఉండే జాగా అది. మనం సందు అంటాం, కన్నడం వాళ్లు సంది అంటారు. చాలా ఇళ్లలో ఇప్పుడు అక్కడ మిగిలిన సిమెంటు మూటలు, విరిగిన కూలరు, ఖాళీ గ్యాసు సిలిండరు, తుప్పు పట్టిన మంచం ఉంటాయి. అందుకే అది దండగ జాగాలాగా కనబడుతుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఆ సందును మూయకండి. గది చేయకండి, గోడౌను చేయకండి, రేకులు వేసి చీకటి చేయకండి. పైన ఆకాశం కనబడేట్టు వదిలి, కింద నలుగురు కూర్చునేట్టు చేసుకోండి. దీనికి ఖర్చు తక్కువే, కానీ మేము ఖర్చు చూసి చెప్పడం లేదు. బడిలో ఒక భాష, ఆఫీసులో ఇంకో భాష, ఇంట్లో మాత్రం తెలుగు అని బతికే మనలాంటి వాళ్లకు ఆ ఐదడుగుల జాగా వల్ల వచ్చే లాభం వేరే ఉంది. దాని కోసమే ఇంత రాస్తున్నాం.

పాత ఇళ్లలో సందు

పావగడ తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. శని మహాత్మ గుడి వల్ల ఈ ఊరి పేరు చాలామంది వినే ఉంటారు. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక. కానీ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్ర సీమే. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం అన్నీ మాకు పక్క ఊళ్లు, వియ్యాల ఊళ్లు. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మా తాలూకా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1973లో ఆ రాష్ట్రం కర్ణాటక అయింది. సరిహద్దు గీత ఎటు పోయినా ఇళ్లల్లో మాట మాత్రం తెలుగే. బడి కన్నడం, సంత రెండూ, వంటిల్లు తెలుగు. మా కుటుంబం తరాలుగా ఇట్లాగే బతికింది.

ఇక్కడి పాత ఇళ్లు మట్టి మిద్దెలు. మందంగా గోడలు, దూలాల మీద చౌడు మట్టి పరిచిన కప్పు, వెలుతురుకు పైన గవాచి. ముందర వీధి వైపు అరుగు. ఆ అరుగు మీద ఎవరు కూర్చునేవాళ్లో గుర్తు చేసుకోండి. జేజినాయన, చిన్నాయన, వచ్చేపోయే మగవాళ్లు. వాన సంగతి, శనక్కాయ ధర, పంచాయతీ ఎన్నిక అన్నీ అక్కడే. ఆడవాళ్లు ముందరి అరుగు మీద తీరిగ్గా కూర్చోవడం తక్కువ. వాళ్ల చోటు పక్క సందు, వెనక పెరడు.

ఆషాఢంలో విత్తనానికి శనక్కాయలు ఒలిచింది సందులోనే. మాఘం, ఫాల్గుణం వచ్చిందంటే చింతపండు కొట్టి గింజ తీసింది కూడా సందులోనే. నేత పని చేసే ఇళ్లలో పడుగు చాచడానికి పొడుగాటి జాగా కావాలి. అలాంటి ఇళ్లకు సందు ఇంట్లో ఒక భాగమే. బాలింతకు ఎండ తగిలేట్టు కూర్చోబెట్టింది, పిల్లలకు నూనె అంటింది, తల దువ్వి పేలు చూసింది అన్నీ అక్కడే. వీధిలో పోయేవాళ్ల కంట పడకుండా గాలి, వెలుతురు, నలుగురి తోడు దొరికే చోటు ఆడవాళ్లకు అదొక్కటే.

ఇప్పుడు మట్టి మిద్దెలు పోతున్నాయి. తిరుమణి, వల్లూరు, నాగలమడికె వైపు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2018లో మొదలై 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. భూమి కొనకుండా రైతుల దగ్గర ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన లీజుకు తీసుకున్నారు. ఆ డబ్బు చేతికి వచ్చిన వాళ్లు కొందరు ఇళ్లు కట్టుకున్నారు. బెంగళూరులో పని చేసే పిల్లలు పంపిన డబ్బుతో ఇంకొందరు కట్టుకున్నారు. మంచిదే. వానాకాలంలో మట్టి మిద్దె కింద గిన్నెలు పెట్టుకుని పడుకున్న వాళ్లకు ఆర్‌సీసీ కప్పు విలువ తెలుసు. ఇల్లు మారడం మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు.

కానీ కొత్త ఇంటి ప్లానులో అరుగు పోయి దాని చోట కారు నిలబడింది. సందు పోయి గది వచ్చింది. మగవాళ్లకు అరుగు పోయినా టీ కొట్టు ఉంది, బస్టాండు కట్ట ఉంది. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు సందు పోతే బదులు ఏం ఉంది? హాలు, అందులో టీవీ. ఈ లెక్కను ఇల్లు కట్టేటప్పుడు ఎవరూ వేయడం లేదు.

మాట ఎక్కడ బతుకుతుంది

"తెలుగుకూ సందుకూ ఏం సంబంధం?" అని అడగవచ్చు. ఉంది.

హాల్లో కూర్చుంటే అందరి చూపూ ఒకే వైపు. టీవీ ఏ భాషలో మాట్లాడితే అదే ఇంటి భాష. పిల్లవాడి చేతిలో ఫోను ఉంటే అది మూడో భాష. జేజి ఏదో అంటుంది, వాడు తల ఎత్తకుండా ఊ కొడతాడు. అదే సందులో, చేతిలో ఒక చిన్న పని పెట్టుకుని కూర్చుంటే, చూడటానికి వేరే ఏమీ ఉండదు. మాటే కాలక్షేపం.

పని ఉన్న చోటే పని మాటలు బతుకుతాయి. మా ఇంటి పిల్లలకు ఒకప్పుడు అన్నీ "కట్ చెయ్యి"నే. చిక్కుడుకాయ తుంచుతాం, గోంగూర గిల్లుతాం, కరివేపాకు దూస్తాం, శనక్కాయ ఒలుస్తాం, మల్లెమొగ్గ కోస్తాం, బియ్యం చెరుగుతాం, పిండి జల్లిస్తాం. ఇన్ని మాటలను పుస్తకం పెట్టి నేర్పించాలంటే ఎవరి తరం? పక్కన కూర్చుని పది రోజులు చేస్తే వాటంతట అవే వస్తాయి. తెలుగు క్లాసులు వద్దని మేము అనడం లేదు. అక్షరాలు క్లాసులో రావాలి, మాట మాత్రం కూర్చునే చోట రావాలి. రాష్ట్రం బయట ఉన్న మనకు తెలుగు బడి లేకపోవచ్చు, తెలుగు బోర్డు లేకపోవచ్చు. కూర్చునే చోటు మాత్రం మన చేతిలో ఉన్నదే.

గది కావాలనే వాళ్ల మాట

మా ఇంట్లోనూ ఈ వాదన జరిగింది. మా సందు 5 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. "అంటే 200 చదరపు అడుగులు, ఊరికే వదిలేస్తామా? బాత్రూముతో ఒక గది కడితే బాడుగకైనా ఇవ్వచ్చు" అన్నాడు మా చిన్నాయన. ఆ మాటలో న్యాయం ఉంది. జాగా ధర పెరిగింది, ఇంట్లో మనుషులు పెరిగారు. ఇద్దరు అన్నదమ్ములు పంచుకున్న చిన్న సైటులో ఒక గది కూడా తక్కువ కాదు.

కానీ ఐదడుగుల వెడల్పు గది అంటే ఏమిటో ఒకసారి కొలిచి చూడండి. రెండు వైపులా గోడ మందం పోతే లోపల నాలుగడుగులు మిగిలితే గొప్ప. మంచం వేస్తే నడవడానికి దారి ఉండదు. పైగా ఆ గది వచ్చిన రోజు, ఇంట్లో ఆ వైపు ఉన్న కిటికీలన్నీ గాలికీ వెలుతురుకూ కాకుండా పోతాయి. వంటింటి పొగ బయటికి పోదు, పడక గదిలో పగలే లైటు వేయాలి. ఒక ఇరుకు గది వస్తుంది, మూడు మంచి గదులు చెడతాయి. ఈ లెక్క చెప్పాక మా చిన్నాయన కొంచెం తగ్గాడు.

ఇంకో సంగతి. పురసభ అయినా పంచాయతీ అయినా, ప్లాను మంజూరు చేసేటప్పుడు ఇంటి చుట్టూ ఇంత జాగా వదలాలని నియమం ఉంటుంది. సెట్‌బ్యాక్ అనేది దాన్నే. చాలా ఇళ్లకు ఈ సందు అలా వదిలినదే. అంటే అది మిగులు జాగా కాదు, వదులుతామని రాసిచ్చి వదిలిన జాగా. దాని మీద స్లాబు వేస్తే రేపు బ్యాంకు అప్పుకు వెళ్లినప్పుడో, అమ్మేటప్పుడో, అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడో ఆ తేడా బయట పడుతుంది. పని మొదలుపెట్టే ముందు మీ ప్లాను కాగితం తీసి, ఎన్ని అడుగులు వదలాలని ఉందో చూసుకోండి.

దొంగల భయం అనే మాట కూడా వింటాం. మనుషులు మసలని చోటే దొంగకు వీలు. సాయంత్రం దీపం వెలిగి, నలుగురు కూర్చుని మాట్లాడుకునే సందులోకి ఎవడూ రాడు. ముందర ఒక ఇనుప గేటు పెట్టుకుంటే చాలు.

ముందు ఎండ, గాలి చూసుకోండి

సందు బాగుచేయాలంటే మొదట మేస్త్రీని పిలవకండి. ఒక ఆదివారం పొద్దున 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి సందులో ఎండ ఎంత వరకు వచ్చిందో సుద్దతో గీసి పెట్టుకోండి. ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి గీస్తే ఇంకా మంచిది. ఎక్కడ కూర్చోవాలో ఆ గీతలే చెబుతాయి.

పావగడ సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే ఏప్రిల్ ఆఖరులోనూ, ఆగస్టు నడిమిలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. ఆ రెంటికీ నడుమ మే, జూన్, జూలైలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. మిగతా నెలలన్నీ దక్షిణం వైపే. దీని వల్ల ఏమవుతుందంటే, ఇంటికి ఉత్తరం పక్క ఉన్న సందు చలికాలమంతా నీడగా, చల్లగా ఉంటుంది. డిసెంబరు మధ్యాహ్నం పదడుగుల గోడ నీడ ఏడున్నర అడుగుల దాకా పడుతుంది, మీ ఐదడుగుల సందు మొత్తం నీడలోనే. అదే సందులో మే, జూన్ సాయంత్రాలు ఏటవాలు ఎండ పడుతుంది. దక్షిణం సందు దీనికి తిరకాసు. చలికాలం ఎండ కాచుకోవాలనుకునే ముసలివాళ్లకు అదే మేలు.

తూర్పు సందుకు పొద్దుటి ఎండ వస్తుంది, మధ్యాహ్నం దాటితే ఇంటి నీడే పడుతుంది. సాయంత్రం కూర్చోవడానికి దీనికి మించింది లేదు. పడమటి సందు కష్టమైనది. గోడ సాయంత్రం దాకా ఎండ తాగి, రాత్రి ఎనిమిది దాకా వేడి కక్కుతుంది. అక్కడ గోడకు తీగ అల్లించడం తప్ప వేరే దారి లేదు. ఇవన్నీ ఒంటరి ఇంటికి చెప్పే లెక్కలు. పక్కన రెండంతస్తుల ఇల్లు ఉంటే లెక్క మారుతుంది, అందుకే సుద్ద గీతలు గీయమన్నది.

ఆషాఢ గాలి మా వైపు పడమటి నుంచి వీస్తుంది. ఇరుకు చోట దూరేటప్పుడు గాలి జోరు పెరుగుతుంది. కాబట్టి సందు పడమటి కొసన నిండు గోడ కట్టి గాలిని ఆపేయకండి. ఇటుకల మధ్య సందులు వదిలి జాలీలాగా కట్టించండి. కేరళలో లారీ బేకర్ కట్టిన ఇళ్లలో ఈ ఇటుక జాలీలు చూడవచ్చు. ఇటుకలూ తక్కువ పడతాయి, గాలీ వస్తుంది, బయటివాళ్లకు లోపల కనబడదు.

కూర్చునే చోటు, నీళ్లు, చెట్లు

సందులో కుర్చీలు వేస్తే అవి దారికి అడ్డం. గోడను ఆనుకుని రాతి బండతో ఒక అరుగు కట్టించండి. బండ వెడల్పు 18 అంగుళాలు చాలు, ఎత్తు కూడా 17, 18 అంగుళాలే. అంతకంటే పల్లంగా ఉంటే మోకాళ్ల నొప్పులున్న అవ్వ లేవలేదు. ఆమె పట్టుకుని లేవడానికి గోడకు ఒక ఇనుప గొట్టం బిగించండి. 5 అడుగుల సందులో 18 అంగుళాలు అరుగుకు పోతే ఇంకా మూడున్నర అడుగుల దారి ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా పోతుంది. పొడుగు మొత్తం అరుగు వేయకండి. నీడ పడే చోట పదీ పన్నెండు అడుగులు చాలు. ఎండ పడే బండ సాయంత్రం కూడా కాలుతుంది. రాయి మా తాలూకాలో దండిగా దొరికే వస్తువు కాబట్టి దీనికి టైల్సు, గ్రానైటు పాలిషు అవసరం లేదు. నున్నటి టైలు తడిసిందంటే ముసలివాళ్లకు ప్రమాదం.

కింద మొత్తం సిమెంటు పోయకండి. ప్రహరీ పక్కన ఒక అడుగు మట్టి వదలండి. మిగతా చోట బండలు పరిచి, వాలు ఇంటి గోడ నుంచి బయటికి, కాలువ వైపు ఉండేట్టు చూడండి. పొడవులో 8 అడుగులకు ఒక అంగుళం వాలు ఉంటే నీళ్లు నిలవవు. 40 అడుగుల సందుకు మొత్తం 5 అంగుళాలు దిగాలి. మేస్త్రీ "అట్లే పోతాయి లేప్పా నీళ్లు" అంటాడు. అతను ఉండగానే ఒక బిందె నీళ్లు పోసి చూడండి.

నీళ్ల సంగతి పావగడ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు, వాన అంతంత మాత్రం. మిద్దె మీద పడే వానను సందులోకి దించి, ఒక మూత ఉన్న డ్రమ్ములో పట్టండి. 600 చదరపు అడుగుల మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 1,100 లీటర్లు. అది ఫ్లోరైడు లేని నీరు. మొదటి వాన దుమ్ముతో వస్తుంది, దాన్ని పోనిచ్చి తర్వాతది పట్టాలి. మేము దాన్ని మొక్కలకు, గిన్నెలకు వాడుకుంటాం. డ్రమ్ము మూత వదులుగా ఉన్నా, మొక్కల కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిచినా డెంగీ దోమ పుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి, వారానికి ఒక రోజు పెట్టుకుని అన్నీ ఒంపేయండి.

ఆ ఒక అడుగు మట్టిలో ఏం పెట్టాలి? కరివేపాకు, కనకాంబరం, మల్లె, తులసి. ఎండ తక్కువ ఉంటే తమలపాకు తీగ, బచ్చలి. కడిగిన నీళ్లు పోయే చోట ఒక అరటి. ఎండ ఎక్కువ ఉంటే తీగ కట్టి చిక్కుడో, కాకరో పాకించండి. పందిరి నీడ రేకు నీడ కంటే చల్లన, అదీగాక పైకి చూస్తే ఆకుల మధ్య ఆకాశం ఉంటుంది. మునగ చెట్టు మాత్రం ఇరుకు సందులో వద్దు. కొమ్మ పెళుసు, గాలికి విరిగి పడుతుంది. గొంగళి పురుగులు వచ్చాయంటే ఇక అక్కడ ఎవరూ కూర్చోరు.

తేళ్ల భయం ఉన్న నేల మాది. కట్టెలు, రాళ్లు, పాత ఇటుకలు సందులో పేర్చకండి. అరుగు కింద గుల్లగా వదలకుండా నింపి పూసేయండి. ఒక చిన్న దీపం, పసుపు వెలుతురుది, మనిషి ఎత్తుకు కొంచెం పైన పెట్టుకోండి. పెద్ద ఫ్లడ్ లైటు పెడితే పురుగులు వస్తాయి, పక్కింటివాళ్ల కిటికీలో పడి వాళ్లకు నిద్ర చెడుతుంది.

పక్కింటితో మాట

సందు గురించి రాస్తూ పక్కింటి గురించి రాయకపోతే సగమే రాసినట్టు. పల్లెల్లో తగాదాలు ఎక్కువగా పుట్టేది ఈ జాగాలోనే. మీ చూరు నీళ్లు మా గోడకు పడుతున్నాయని, మీ కిటికీ మా సందులోకి తెరుచుకుందని, మీ చెట్టు ఆకులు మా వైపు రాలుతున్నాయని. మా బంధువుల్లోనే ఒక చూరు నీళ్ల తగాదా వల్ల రెండిళ్ల మధ్య పెళ్లి పిలుపులు ఆగిపోయిన సంగతి మాకు తెలుసు.

చట్టం కూడా ఈ జాగాను తేలిగ్గా తీసుకోలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒక ఇంటికి వచ్చే గాలినీ వెలుతురునూ హక్కుగా, తగాదా లేకుండా, నడుమ ఆగకుండా 20 ఏళ్లు అనుభవిస్తే అది పక్కా హక్కు అవుతుంది. మీరు సందు మూసి పైకి గోడ లేపితే పక్కింటి అవ్వ కిటికీ చీకటి కావచ్చు. రేపు వాళ్లు మూస్తే మీ కిటికీ చీకటి అవుతుంది. చట్టం దాకా పోకముందే మాట్లాడుకోవడం మేలు. నీళ్లు ఎటు దిగుతాయి, తీగ ఎవరి గోడకు పాకుతుంది, దీపం ఎటు చూస్తుంది, ఈ మూడూ పని మొదలుపెట్టక ముందే చెప్పండి. "అక్కా, ఇట్లా అనుకుంటున్నాం, మీకేమైనా ఇబ్బందా?" అని ఒక మాట అడిగితే పోయేదేమీ లేదు. రెండిళ్ల సందులూ తెరిచి ఉంటే గాలి రెండిళ్లకూ వస్తుంది. ఒకరు మూస్తే ఇద్దరికీ నష్టం.

మా పక్కింటివాళ్లు కన్నడం మాట్లాడేవాళ్లు. ప్రహరీ మీదుగా ఇవతల తెలుగు, అవతల కన్నడం నడుస్తాయి. ఎవరి మాట వాళ్లు మాట్లాడినా అర్థం కాని మాట ఒక్కటి లేదు. పొద్దున కరివేపాకు ఇటు నుంచి అటు పోతే, సాయంత్రం హోళిగె అటు నుంచి ఇటు వస్తుంది. మన భాష నిలవాలంటే పక్క భాషకు తలుపు మూయాలని మేము ఎన్నడూ అనుకోలేదు.

బయటి ఊళ్లలో ఉన్నవాళ్లకు

"ఇదంతా మీకు సొంత ఇల్లు, రాతి బండలు ఉన్నాయి కాబట్టి చెల్లింది" అని బెంగళూరు, హోసూరు, బళ్లారిలో ఉన్నవాళ్లు అనవచ్చు. బెంగళూరు 30×40 సైటులో పక్కన మిగిలేది మూడడుగులే కావచ్చు. మూడడుగుల్లో అరుగు పట్టదు, నిజమే. కానీ గోడకు మడిచే బల్ల బిగిస్తే పడుతుంది. కూర్చునేటప్పుడు దించడం, లేచాక మడిచేయడం. అపార్టుమెంటులో ఉన్నవాళ్లకు వాషింగ్ మెషిన్ పెట్టే బాల్కనీ ఉంటుంది. అక్కడి పాత అట్టపెట్టెలు తీసేస్తే రెండు పీటలు పడతాయి. అమెరికాలో ఉన్న మా వాళ్ల ఇళ్లకు పక్కన ఏసీ మిషను, చెత్త డబ్బాలు పెట్టే సన్నటి జాగా ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు కూడా అటు పోరు. వాళ్ల జాగా మా సందు కంటే వెడల్పే.

ఇరుకు జాగాను వాడుకోవడం మన ఒక్కరి తెలివీ కాదు. అమెరికాలోనే సౌత్ కరోలినా రాష్ట్రంలో చార్లెస్టన్ అనే పాత ఊరు ఉంది. అక్కడి పాత ఇళ్లు వీధి వైపు ఒక గది వెడల్పే ఉంటాయి. పొడవంతా లోపలికి పోతుంది. ఆ పొడవుకు పక్క జాగా వైపు తిరిగిన వసారా ఉంటుంది, వీధి తలుపు తీస్తే మొదట ఆ వసారాలోకే వెళతాం. ఉక్కపోత ఊరు కాబట్టి గాలి కోసం అట్లా కట్టుకున్నారు. జపాన్‌లో క్యోటో నగరపు పాత ఇళ్లు కూడా సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. నడుమ ఒక మంచం పట్టేంత తోట వదిలి, దాని నుంచే గాలి, వెలుతురు తెచ్చుకుంటారు. జాగా ఇరుకు అయినప్పుడు వాళ్లు దాన్ని మూసేయలేదు, ఇంకా జాగ్రత్తగా తెరిచి పెట్టుకున్నారు.

మా మాట ఒప్పుకోమని బలవంతం ఏమీ లేదు. ఒక పని చేసి చూడండి. ఈ వారం మీ సందులోని సామాను తీసేయండి. పనికి వచ్చేది మిద్దె మీద పెట్టండి, రానిది పాత సామాన్ల వాడికి వేయండి. నీళ్లు చల్లి ఊడ్చి, రెండు ఇటుకల మీద ఒక పలక వేయండి. ఇంకా అరుగు వద్దు, మొక్కలు వద్దు, ఒక్క రూపాయి ఖర్చు వద్దు. ఒక నెల పాటు రోజూ సాయంత్రం అరగంట, ఇంట్లో పెద్దవాళ్లనూ పిల్లలనూ అక్కడ కూర్చోబెట్టండి. చేతికి ఒలవడానికో, గిల్లడానికో ఏదైనా ఇవ్వండి. ఫోన్లు లోపల పెట్టేయండి. నెల అయ్యాక కూడా అక్కడ గదే కావాలని ఇంట్లో అందరికీ అనిపిస్తే అప్పుడు మేస్త్రీని పిలవండి. అందరికీ అన్నాం, ఇంటి ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ తప్పకుండా అడగండి. ఇన్నాళ్లూ ఆ సందు వాళ్లదే.